జాన్ హిల్, ఆయన సీనారియోలు: తరచుగా అడిగే ప్రశ్నలు

యుద్ధాన్ని బల్ల మీద ఆడే ఆటలకు సీనారియోలు రాసినవాళ్లలో అభిమానులు ఈనాటికీ ఆప్యాయంగా తలచుకునే పేరు జాన్ హిల్. 1977లో వచ్చిన 'స్క్వాడ్ లీడర్' ఆయన చేసిన ఆట. 2015 జనవరిలో ఆయన కన్నుమూశారు. ప్రతి జనవరిలో ఆయన గురించి మాట వస్తుంది. కొత్తవాళ్లు చేరతారు, పాత సందేహాలే మళ్లీ మొదలవుతాయి. అందుకని వాటిని ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## పరిచయం లేనివాళ్లకు

అట్ట బిళ్లలతో యుద్ధమేమిటి? ఇది చదరంగం లాంటిదేనా?

చదరంగంలో రెండు వైపులా బలాలు సమానం, అదృష్టానికి చోటు లేదు. ఇక్కడ రెండూ తలకిందులు. ఒకరికి మనుషులు ఎక్కువ, మరొకరికి మంచి తుపాకులు, ఇంకొకరికి మంచి చాటు. పైన పాచికలు. పటం మీద ఆరు పలకల గళ్లు ఉంటాయి, వాటిని హెక్స్‌లంటారు. ఒక్కో బిళ్ల ఒక దళం, ఒక నాయకుడు లేదా ఒక ఆయుధం. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే అధికారి తన సైనికాధికారుల శిక్షణకు ఇలాంటి ఆటనే అందించాడు. దాన్ని ఇంటి బల్ల మీదికి, దుకాణంలో కొనుక్కునే పెట్టెలోకి తెచ్చినవాడు అమెరికాలో చార్లెస్ రాబర్ట్స్. 1954లో ఆయన అమ్మిన 'టాక్టిక్స్' నుంచే ఈ వ్యాపారం మొదలైంది.

సీనారియో అంటే సరిగ్గా ఏమిటి? ఆట వేరు, సీనారియో వేరా?

వేరు. ఆట అంటే నియమాలు, పటాలు, బిళ్లలు. ఆ పెట్టెలోంచి ఏ బోర్డు తీయాలి, ఎవరికి ఎన్ని దళాలు, ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎన్ని వంతులు, ఏం చేస్తే గెలిచినట్టు అని చెప్పే కాగితమే సీనారియో. స్క్వాడ్ లీడర్ పెట్టెలో నాలుగు బోర్డులు, పన్నెండు సీనారియో కార్డులు వచ్చేవి. ఆ బోర్డులు ఏ నిర్దిష్టమైన ఊరికీ పటాలు కావు. ఎలా కలిపినా అంచులు అతుకుతాయి. అందుకే అదే పెట్టెతో ఒకరోజు స్టాలిన్‌గ్రాడ్, మరో రోజు బెల్జియం సరిహద్దు అడవులు ఆడుకోవచ్చు.

జాన్ హిల్ ఎవరు? ఎవలాన్ హిల్ కంపెనీ ఆయనదేనా?

పేరు కలవడం వల్ల వచ్చే సందేహం ఇది. ఎవలాన్ హిల్‌ను స్థాపించింది చార్లెస్ రాబర్ట్స్. ఆ పేరు మేరీల్యాండ్‌లోని ఎవలాన్ అనే చోటు నుంచి వచ్చింది, జాన్ హిల్‌తో దానికి చుట్టరికం లేదు. జాన్ హిల్ 1945లో పుట్టారు. 1970లలో కాన్‌ఫ్లిక్ట్ గేమ్స్ పేరుతో సొంతంగా ఆటలు వేశారు. వియత్నాం యుద్ధంలోని హ్యూ నగర పోరాటం మీద 1973లోనే ఆట చేశారు. 1973 అక్టోబరులో జరిగిన అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం మీద 'బార్-లెవ్' మరుసటి ఏడాదే వచ్చింది. అంటే పత్రికల్లో వార్తల తడి ఆరకముందే బల్ల మీదికి తెచ్చే రకం మనిషి. స్క్వాడ్ లీడర్‌ను మాత్రం ఎవలాన్ హిల్ ప్రచురించింది. అక్కడ దాన్ని సరిదిద్ది తుది రూపం ఇచ్చినవాడు డాన్ గ్రీన్‌వుడ్.

నిజంగా మనుషులు చనిపోయిన యుద్ధాలతో ఆడుకోవడం తప్పు కాదా?

ఈ ప్రశ్న అడగని ఇల్లు లేదు. అడగవలసిందే కూడా. నాకు తోచింది చెబుతాను. నాజీల నల్ల యూనిఫారాల మీద మోజుతో, జర్మన్ ట్యాంకుల పేర్లు మంత్రంలా వల్లించడానికే ఈ ఆటకు వచ్చేవాళ్లు ఉన్నారు. వాళ్లతో నేను ఆడను. హిల్ ఆట ఆ మోజును నిలవనీయదు. ఇందులో మీ మనుషులు సగం సమయం మీ మాట వినరు. భయపడతారు, పారిపోతారు, నాయకుడు కూలగానే డీలా పడతారు. సినిమాలో హీరో నడిచినట్టు వీధి దాటిన దళం ఏమవుతుందో ఒక్కసారి చూస్తే యుద్ధం మీద ఉన్న పొగరు కొంత దిగుతుంది. పిల్లలతో ఆడేటప్పుడు సీనారియో కార్డు కింద ఉన్న 'ఆ తర్వాత ఏం జరిగింది' అన్న పేరాను ఆట ముగిశాక చదివించండి.

## తొలి ఆటకు ముందు

అసలు స్క్వాడ్ లీడర్ ఇప్పుడు దొరుకుతుందా? ఏది కొనాలి?

పాత పెట్టె ముద్రణలో లేదు. 1998లో ఎవలాన్ హిల్‌ను హాస్‌బ్రో అనే బొమ్మల కంపెనీ కొనేసింది. స్క్వాడ్ లీడర్ పెట్టెలు ఇప్పుడు పాత సరుకుగానే, ఎక్కువగా విదేశాల నుంచే వస్తాయి. తపాలా, దిగుమతి సుంకం కలిపితే వస్తువు ధరను మించిపోవచ్చు, చూసుకోండి. 1985లో డాన్ గ్రీన్‌వుడ్ నియమాలన్నీ తిరగరాసి 'అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్' తెచ్చాడు. దాన్ని ఇప్పుడు మల్టీ-మ్యాన్ పబ్లిషింగ్ నడుపుతోంది. కొత్తవాళ్లకు వాళ్లు 2004లో విడుదల చేసిన మొదటి స్టార్టర్ కిట్ చాలు. అందులో కాల్బలం మాత్రమే ఉంటుంది, ట్యాంకులు ఉండవు. ఆరు సీనారియోలు ఉంటాయి. ఎవరైనా మొదటే పెద్ద రింగ్ బైండర్ నియమ గ్రంథం కొనమంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

డబ్బు పెట్టకుండా ఆడే దారి ఉందా?

ఉంది. అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్‌ను కంప్యూటర్ తెర మీద ఆడుకోవడానికి వీఏఎస్‌ఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఒక అభిమాని దాన్ని ఈ ఒక్క ఆట కోసమే మొదలుపెట్టాడు. తర్వాత అదే వ్యాసల్ పేరుతో ఎన్నో ఆటలకు వేదిక అయింది. అది నియమాలు అమలు చేయదు. పటం, బిళ్లలు, పాచికలు మాత్రమే ఇస్తుంది. నియమాలు మీకు తెలిసి ఉండాలి, ఎదుటివాడు నిజాయితీపరుడై ఉండాలి. హైదరాబాదులో ఒకరు, డల్లాస్‌లో ఒకరు కూర్చుని ఆడాలంటే ఇదే దారి.

నియమాల పుస్తకం చూస్తేనే భయం వేస్తోంది. ఎలా మొదలుపెట్టాలి?

హిల్, గ్రీన్‌వుడ్ ఈ భయాన్ని ముందే ఊహించారు. స్క్వాడ్ లీడర్ పుస్తకాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవనక్కర్లేదు. కొన్ని పేజీలు చదివి మొదటి సీనారియో ఆడాలి. ఇంకొన్ని చదివి రెండోది ఆడాలి. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు అయ్యాకే గీతం చెప్పే సంగీతం మాస్టారి పద్ధతి అనుకోండి. మొదటి కార్డులో ట్యాంకులు, ఫిరంగులు ఉండవు. అవి తరువాతి కార్డుల్లో ఒక్కొక్కటిగా వస్తాయి. ఈ మెట్లను దాటవేసి నేరుగా ట్యాంకుల సీనారియోకు దూకినవాళ్లే 'ఇది మనకు రాదు' అని పెట్టె మూసేస్తారు.

ఒక్కడినే ఆడుకోవచ్చా?

హాయిగా ఆడుకోవచ్చు. తొలి సీనారియోల్లో దాచిపెట్టే సమాచారం పెద్దగా ఉండదు. రెండు వైపులా మీరే కూర్చుని, ప్రతి వంతులో ఎవరి పక్షం ఆడుతున్నారో ఆ పక్షానికి న్యాయం చేయండి. నియమాలు ఒంటబట్టడానికి ఇంతకంటే మంచి మార్గం లేదు.

## మొదటి సీనారియో బల్ల మీద

అందరూ చెప్పే ఆ మొదటి సీనారియోలో అంత గొప్ప ఏముంది?

దాని పేరు 'ది గార్డ్స్ కౌంటర్ ఎటాక్'. స్టాలిన్‌గ్రాడ్, 1942 అక్టోబరు. ఊరి బోర్డు మీద జర్మన్లు రాతి భవనాల్లో ఉంటారు, గార్డ్స్ అనే రష్యన్ మేటి దళాలు కొన్ని వాళ్లకు ఎదురుగా వేరే భవనాల్లో ఉంటాయి. గెలుపు భవనాల లెక్క మీద ఆధారపడుతుంది. శత్రువును ఎంతమందిని చంపారన్నది ఎవరూ అడగరు. ఈ ఒక్క షరతే ఆటగాణ్ణి చాటులోంచి వీధిలోకి లాగుతుంది.

వీధి ఒక్క హెక్స్ వెడల్పే. దళం రాతి భవనంలో ఉన్నంతసేపు దాని మీద కాల్చేవాడి పాచికల మొత్తానికి 3 కలుస్తుంది. ఈ ఆటలో తక్కువ పడితేనే కాల్చేవాడికి మేలు కాబట్టి ఆ 3 గోడలా కాపాడుతుంది. కాలు వీధిలో పెట్టగానే ఆ గోడ పోతుంది, పైగా బయట కదులుతున్నందుకు కాల్చేవాడికి అదనపు లాభం దక్కుతుంది. శత్రువు ఉన్న భవనంలోకి కదలిక దశలో నేరుగా దూరలేరు. ముందు వీధిలో ఆగాలి, ఎదుటివాడి రక్షణ కాల్పులు భరించాలి, మిగిలినవాళ్లు ముందడుగు దశలో లోపలికి దూకాలి. ఆ తర్వాతే చేయీచేయీ పోరు. ఆ నడుమ, వీధి మధ్యలో బిళ్ల ఆగి ఉన్నప్పుడు, ఎదుటివాడు పాచికలు చేతిలో గలగలలాడిస్తుంటే, ఇంతకుముందు ఎన్ని ఆటలు ఆడినవాడికైనా గొంతు తడారుతుంది. ఇన్నేళ్లయినా ఈ కార్డుకు ఉన్న పేరంతా ఆ క్షణానిదే.

బిళ్ల మీద 4-6-7 అని ఉంటే ఏమిటి అర్థం?

మొదటిది కాల్పుల బలం, రెండోది ఎన్ని హెక్స్‌ల దూరం, మూడోది మనోధైర్యం. జర్మన్ సాధారణ దళం 4-6-7. రష్యన్ది 4-4-7, అంటే అదే బలం, తక్కువ దూరం. అమెరికన్ది 6-6-6, కాల్పులు ఎక్కువ, ధైర్యం ఒక మెట్టు తక్కువ. ఒక్కో సైన్యం ఎలా పోరాడిందో ఈ మూడు అంకెల్లోకి కుదించడంలోనే హిల్ పనితనం ఉంది. రష్యన్లను ఆడితే తెలియకుండానే దగ్గరికి వెళ్లాలనిపిస్తుంది, జర్మన్లను ఆడితే దూరం నుంచి ఆపాలనిపిస్తుంది. ఎవరూ చెప్పనక్కర్లేదు.

నాయకుడి బిళ్ల ఎందుకంత ముఖ్యం? కాల్చే బలం కూడా లేదు కదా?

లెక్క చూడండి. ధైర్య పరీక్ష అంటే రెండు పాచికలు వేసి, మొత్తం మీ ధైర్యం అంకెను మించకుండా ఉండాలి. ధైర్యం 7 ఉంటే 36లో 21 సార్లు గట్టెక్కుతారు, సుమారు 58 శాతం. పక్కన పాచికల మొత్తం నుంచి ఒకటి తగ్గించే నాయకుడు ఉంటే 36లో 26 సార్లు, 72 శాతం. రెండు తగ్గించేవాడైతే 83 శాతం. ఈ పరీక్ష తప్పి చెదిరిపోయిన దళం మళ్లీ కూడదీసుకోవాలన్నా నాయకుడు అదే హెక్స్‌లో ఉండాలి. అందుకే ఆటకు దళం పేరు కాక దళ నాయకుడి పేరు పెట్టారు. దీనికి ఇంకో వైపు కూడా ఉంది: నాయకుడు చనిపోతే అతనితో ఉన్నవాళ్లంతా పరీక్ష ఎదుర్కోవాలి. మంచి నాయకుణ్ణి ముందు నిలపాలా, వెనక ఉంచాలా అన్నది ప్రతి వంతులోనూ తేల్చుకోవలసిన విషయం.

ఒక వంతులో ఎనిమిది దశలా? గుర్తుపెట్టుకోవడం ఎలా?

చెదిరినవాళ్లను కూడదీయడం, నిలబడి కాల్చడం, కదలడం, ఎదుటివాడి రక్షణ కాల్పులు, కదిలినవాళ్ల కాల్పులు, చెదిరినవాళ్లు వెనక్కి పారిపోవడం, ఒక్క హెక్స్ ముందడుగు, చేయీచేయీ పోరు. కాగితం మీద రాసి బల్ల అంచున పెట్టుకోండి. రెండు ఆటలయ్యాక ఆ కాగితం వైపు చూడరు.

ఒక వంతు ఎంత సమయం? ఒక హెక్స్ ఎంత దూరం?

వంతు సుమారు రెండు నిమిషాలు, హెక్స్ 40 మీటర్లు. పది వంతుల సీనారియో అంటే ఇరవై నిమిషాల పోరు. బల్ల మీద దానికి మూడు నాలుగు గంటలు పట్టినా ఆశ్చర్యపోకండి.

## హిల్ ఆలోచన తెలుసుకోవాలనుకునేవాళ్లకు

'ఫలితం కోసం రూపకల్పన' అని ఆయన గురించి అంటారు. అంటే ఏమిటి?

ఆ రోజుల్లో ఆటలు చేసేవాళ్లలో చాలామంది తుపాకీ నుంచి మొదలుపెట్టేవారు. నిమిషానికి ఎన్ని గుళ్లు, ఎంత మందం ఇనుము, ఎంత దూరంలో ఎంత గురి అని పట్టికల మీద పట్టికలు కట్టేవారు. హిల్ అవతలి కొస నుంచి వచ్చారు. కాల్పులు మర తుపాకీవైనా, మోర్టారువైనా, వాటి కింద పడిన మనిషికి జరిగేది మూడింటిలో ఒకటి: నిలబడతాడు, బెదిరిపోతాడు, లేదా పోతాడు. ఆ మూడు ఫలితాలూ సరైన పాళ్లలో వస్తే చాలు, మధ్యలోని భౌతిక శాస్త్రం ఆటగాడికి అక్కర్లేదు. అందుకే స్క్వాడ్ లీడర్‌లో కాల్బలం కాల్పులన్నీ ఒకే పట్టిక మీద తేలిపోతాయి.

దీన్ని సోమరితనం అన్నవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. కారణాలన్నీ లెక్కగట్టి ఫలితం తప్పు వచ్చే ఆటలు అల్మరాల నిండా ఉన్నాయి. ఫలితం నుంచి వెనక్కి రావాలంటే ముందు ఆ ఫలితం ఏమిటో తెలియాలి. అందుకు పోరాడినవాళ్ల మాటలు చదవాలి, విని ఉండాలి. అది పట్టిక కట్టడం కన్నా కష్టం. అయితే ఒక చిక్కు నిజమే: రూపకర్తకు ముందే ఒక అభిప్రాయం ఉంటే ఆట దాన్నే నిరూపిస్తుంది. స్టాలిన్‌గ్రాడ్ కార్డుల్లో కమిసార్లు, అంటే సోవియట్ సైన్యంలో పార్టీ తరఫు అధికారులు, ఉంటారు. చెదిరినవాళ్లను కూడదీయడంలో వాళ్లు గట్టివాళ్లు, కానీ ప్రయత్నం విఫలమైతే సొంత దళానికే నష్టం. ఇది చరిత్రా, పాశ్చాత్యుల కంటికి కనిపించిన చరిత్రా అని నేటికీ వాదన నడుస్తూనే ఉంది.

అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్ కూడా హిల్ చేసిందేనా?

కాదు, అది గ్రీన్‌వుడ్ కట్టిన భవనం. స్క్వాడ్ లీడర్‌కు 1978లో వచ్చిన 'క్రాస్ ఆఫ్ ఐరన్' మొదలుకొని వరుసగా అనుబంధాలు వచ్చాయి. నియమాలు పెరిగి ఒకదాన్నొకటి తొక్కుకోవడంతో అంతా తిరగరాశారు. పునాది మాత్రం హిల్‌దే: నాయకుడు, ధైర్య పరీక్ష, ఒకే కాల్పుల పట్టిక.

స్క్వాడ్ లీడర్ కాకుండా ఆయన ఇంకేమి చేశారు?

అమెరికా అంతర్యుద్ధం మీద బొమ్మ సైనికులతో ఆడే 'జానీ రెబ్' నియమాలు 1983లో తెచ్చారు. బొమ్మలతో ఆడేవాళ్లకు హిల్ అంటే మొదట గుర్తొచ్చేది ఇదే, స్క్వాడ్ లీడర్ కాదు. 1986లో 'ఈస్టర్న్ ఫ్రంట్ ట్యాంక్ లీడర్' వచ్చింది. మరణానికి ముందు ఏడాది, 2014లో, మళ్లీ అంతర్యుద్ధం మీదే 'ఎక్రాస్ ఎ డెడ్లీ ఫీల్డ్' ప్రచురించారు.

## సొంతంగా సీనారియో రాయాలనుకునేవాళ్లకు

ముందు ఏం రాయాలి? దళాల జాబితానా, పటమా?

గెలుపు షరతు. ఒకే వాక్యంలో రాయండి. 'పదో వంతు ముగిసేసరికి వంతెన అవతల రష్యన్ దళం ఒక్కటి కూడా చెదరకుండా ఉండకూడదు' అన్నట్టు. ఆ వాక్యం చదవగానే రెండు వైపులవాళ్లకీ చేతులు దురద పెట్టాలి. పెట్టకపోతే దళాలు ఎన్ని మార్చినా ఆ సీనారియో లేవదు. కొత్తగా రాసేవాళ్లు చేసే పని ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. ఏ ట్యాంకు ఎన్ని ఉన్నాయో పుస్తకాలు తిరగేసి జాబితా కడతారు, షరతు దగ్గరికి వచ్చేసరికి 'ఊరు పట్టుకోవాలి' అని రాసి వదిలేస్తారు. ఊరంటే ఎన్ని ఇళ్లు? పట్టుకోవడమంటే ఒకసారి అడుగు పెట్టడమా, చివరిదాకా ఉండటమా? తగవులు అక్కడే వస్తాయి.

కార్డు మీద ఏమేమి ఉండాలి?

పేరు, చోటు, తేదీ. పరిస్థితి చెప్పే నాలుగైదు వాక్యాలు. గెలుపు షరతు. బోర్డుల అమరిక, ఉత్తరం గుర్తు. వంతుల పట్టీ. రెండు వైపుల దళాలు, ఎవరు ముందు అమర్చుకోవాలి, ఎవరు ముందు కదలాలి. ఆ సీనారియోకే వర్తించే ప్రత్యేక నియమాలు, ఇవి ఎంత తక్కువైతే అంత మంచిది. చివర, చరిత్రలో ఏమైందో చెప్పే పేరా.

మా తాతగారి తరంవాళ్లు ఇటలీలో, బర్మాలో పోరాడారు. భారత సైన్యంతో సీనారియోలు చేయవచ్చా?

తప్పకుండా. నాలుగో భారత డివిజన్ 1941లో ఎరిత్రియాలోని కెరెన్ కొండల్లో, 1944లో ఇటలీలోని కసీనో దగ్గర పోరాడింది. అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్‌లో భారత దళాలకు బ్రిటిష్ బిళ్లలే వాడతారు. రోజంతా జరిగిన దాడిని మొత్తం పట్టుకోవాలని చూడకండి. అందులో ఫలితం అటో ఇటో తేలిన ఇరవై నిమిషాలు వెతకండి.

బొబ్బిలి యుద్ధాన్ని ఇందులో పెట్టవచ్చా?

స్క్వాడ్ లీడర్ నియమాల్లో పట్టదు. అవి మర తుపాకుల కాలానివి. కానీ హిల్ పద్ధతిలో ఆలోచిస్తే 1757 జనవరి 24 చక్కని అభ్యాసం. ఒకవైపు ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం సేనలు. మరోవైపు మట్టి కోట, లొంగనివాళ్లు. కోట పడిపోతుందని అందరికీ తెలుసు. మరి బొబ్బిలి వైపు కూర్చున్నవాడు దేనికోసం ఆడాలి? కోట నిలబెట్టడాన్ని గెలుపు షరతు చేస్తే అతను ప్రతిసారీ ఓడతాడు. 'ఇన్ని వంతులదాకా ఆపాలి' లేదా 'బుస్సీకి ఇంతకు మించి నష్టం కలగాలి' అంటే చరిత్రలో ఓడినవాడు బల్ల మీద గెలవగలడు. ఇక పీడించే విషయం ఒకటుంది: కోట లోపల జరిగిన ఆత్మాహుతిని బిళ్లలుగా చేసి బల్ల మీద పెడతారా? నేనైతే పెట్టను. ఆ సీనారియో గోడ కూలిన వంతుతో ఆగిపోవాలి.

రెండు వైపులా సమానంగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

మీరు ఆడితే తెలియదు. వేరే ఇద్దరికి కార్డు ఇచ్చి, మీరు పక్కన నోరు మూసుకుని కూర్చోవాలి. వాళ్లు కార్డును తప్పుగా అర్థం చేసుకుంటే సరిదిద్దకండి, రాసుకోండి. తప్పు కార్డుది. తర్వాత వైపులు మార్చి మళ్లీ ఆడించండి. ఒక వైపే వరుసగా గెలుస్తుంటే ముందు వంతుల సంఖ్య కదపండి. ఒక వంతు కలపడం, తీయడం ఎంత తేడా తెస్తుందో చూసి నివ్వెరపోతారు. అప్పటికీ కుదరకపోతేనే దళాల జోలికి వెళ్లండి. అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్ కార్డుల మీద ప్రతి పక్షానికీ ఒక చిన్న సర్దుబాటు ముద్రించి ఉంటుంది. ఆట ఒక వైపు మొగ్గుతోందనుకుంటే రెండో వైపుకు దాన్ని ఇవ్వవచ్చు. మీ కార్డు మీద కూడా ఒకటి రాయండి.

## ఆయన్ని తలచుకోవాలనుకునేవాళ్లకు

జనవరిలో ఆయన గుర్తుగా ఏ సీనారియో ఆడతారు?

ఎక్కువమంది మొదటి కార్డే తీస్తారు. సమయం ఉంటే మూడోది, 'ది స్ట్రీట్స్ ఆఫ్ స్టాలిన్‌గ్రాడ్'. మొదటి రెండు కార్డుల పోరాటాలనూ అది ఒకచోట కలుపుతుంది, ఒక ఆదివారం మొత్తం పడుతుంది. ఇద్దరు పాతవాళ్లు కూర్చుని ఆడుకునే కంటే ఒక కొత్త మనిషిని పిలిచి, రష్యన్లను వాళ్లకిచ్చి, నియమాలు నోటితో చెబుతూ ఆడించండి. పాచికల గిన్నె ఒకటి పెట్టుకోండి, లేకపోతే పాచిక దొర్లి మూడు హెక్స్‌ల బిళ్లలు చెల్లాచెదరవుతాయి.